పచ్చళ్ల పిన్ని వాట్సాప్‌కు ఏఐ అసిస్టెంట్: ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 7

తెనాలిలో మా పిన్ని ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. పన్నెండేళ్ల నుంచి. కొట్టు లేదు, బోర్డు లేదు. సీసా మీద అంటించే కాగితంలో ఒక ఫోన్ నంబర్ ఉంటుంది, అంతే. ఆర్డర్లన్నీ ఆ నంబర్‌కే వాట్సాప్‌లో వస్తాయి. సంక్రాంతికి వెళ్లినప్పుడు చూశాను. రాత్రి పదకొండున్నరకు అందరూ పడుకున్నాక, ఒక చేత్తో కళ్లజోడు పైకి నెట్టుకుంటూ ఇంకో చేత్తో "గోంగూర కిలో ఎంత" అన్నవాళ్లకు ఒక్కొక్కరికే జవాబు కొడుతోంది. మర్నాడు పొద్దున లెక్కపెడితే 84 మంది. సగానికి పైగా అడిగినవి మూడే ప్రశ్నలు: ధర ఎంత, స్టాక్ ఉందా, నా పార్సిల్ ఎక్కడిదాకా వచ్చింది.

"మామిడికాయ దిగేలోపు ఏదో ఒకటి చెయ్యరా. లేకపోతే ఈసారి ఆవకాయ ఆర్డర్లు తీసుకోను" అంది.

వాట్సాప్ ప్రశ్నలకు తనంతట తానే జవాబిచ్చే ఏఐ ప్రోగ్రాం, అంటే బాట్, ఒకటి కడదామనుకున్నాను. హైదరాబాద్‌లో నేను చేసేది బ్యాకెండ్ పనే (యాప్‌ల వెనకాల సర్వర్‌లో నడిచే కోడ్) కాబట్టి రెండు వారాల్లో అయిపోతుందనుకున్నాను. ఆ లెక్క ఎంత తప్పో తర్వాత చూసుకోవడానికి ఈ డైరీ.

మొదటి పేచీ నంబర్ దగ్గరే. ఫోన్‌లో వాట్సాప్ యాప్ నడుస్తున్న నంబర్‌ను మామూలు పద్ధతిలో క్లౌడ్ ఏపీఐకి (మన ప్రోగ్రాం మెసేజీలు పంపడానికి, అందుకోవడానికి వాట్సాప్ సొంతదారు మెటా ఇచ్చే దారి) తగిలించాలంటే ముందు యాప్‌లోంచి ఆ అకౌంట్ తీసేయాలి. పిన్నికి ఈ మాట చెప్పగానే ముఖం మారింది. పన్నెండేళ్ల మెసేజీలు, అమెరికాలో ఉన్న కస్టమర్ల పిల్లల ఫోటోలు, అన్నీ అందులోనే ఉన్నాయి. సరే, కొత్త సిమ్ తీసుకున్నాం. పాత నంబర్ పిన్నిది, కొత్త నంబర్ బాట్‌ది. సీసాల మీద రెండూ వేయిస్తాం.

ఫిబ్రవరి 8

మెటా డెవలపర్ అకౌంట్, యాప్, టెస్ట్ నంబర్ అయ్యాయి. టెస్ట్ నంబర్ నుంచి ఐదుగురికి మాత్రమే మెసేజ్ పంపగలం. నేను, పిన్ని, బాబాయి, మా ఆవిడ, ఇంకో పాత ఫోన్. ఐదు నిండిపోయాయి.

వెబ్‌హుక్ అంటే, కస్టమర్ మెసేజ్ పెట్టగానే మెటా మన సర్వర్ తలుపు తట్టడానికి మనం ఇచ్చే అడ్రస్. అది మనదేనని తేల్చుకోవడానికి ముందు ఒక చాలెంజ్ నంబర్ పంపుతుంది, దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి పంపాలి. నేను అలవాటు కొద్దీ జేసన్‌లో (ప్రోగ్రాంలు డేటా ఇచ్చిపుచ్చుకునే ఒక రాత పద్ధతి) చుట్టి పంపాను. ఒప్పుకోలేదు. ఉత్త టెక్స్ట్‌గా పంపితే ఒప్పుకుంది. తర్వాత రెండు గంటలు మెసేజీలే రాలేదు. సెట్టింగ్స్‌లో "మెసేజెస్" అన్న ఫీల్డ్‌కు సబ్‌స్క్రయిబ్ చేయడం మర్చిపోయాను.

రాత్రి పదింటికి పిన్ని "హలో" అని పెట్టింది. సర్వర్ "హలో" అంది. ఇద్దరికీ ఎందుకో నవ్వొచ్చింది.

ఫిబ్రవరి 9

పొద్దున లేచేసరికి బాట్ మూగపోయింది. ఎర్రర్ 190. డాష్‌బోర్డులో కాపీ చేసుకున్న టోకెన్, అంటే ఏపీఐలోకి రానిచ్చే తాళంచెవి, తాత్కాలికం, ఒక రోజులో చచ్చిపోతుంది. సిస్టం యూజర్‌ను (మనిషి కాక ప్రోగ్రాం వాడే అకౌంట్) సృష్టించి, గడువు లేని టోకెన్ తీసుకోవాలి. అందరూ ఒకసారి కాలు జారే మెట్టు ఇది, నేనూ జారాను.

ఫిబ్రవరి 11

ఈ రోజంతా ఒకే బగ్‌తో పోయింది. కానీ ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన బగ్ ఇదే, కాబట్టి కాస్త వివరంగా రాసుకుంటాను.

వెబ్‌హుక్‌కు వచ్చే ప్రతి మెసేజ్ నిజంగా మెటా నుంచే వచ్చిందా అని చూసుకోవాలి. లేకపోతే అడ్రస్ తెలిసిన ఎవడైనా దొంగ ఆర్డర్లు పంపొచ్చు. అందుకోసం ప్రతి రిక్వెస్ట్ హెడర్‌లో (మెసేజ్‌కు ముందు వచ్చే వివరాల్లో) ఒక సంతకం వస్తుంది. యాప్ రహస్యంతో (మెటాకు, మనకు మాత్రమే తెలిసిన కీ) మనం కూడా షా-256 అనే పద్ధతిలో సంతకం లెక్కగట్టి, రెండూ ఒకటేనా అని పోల్చాలి. రాశాను. మా ఆవిడ ఇంగ్లీషులో "ప్రైస్ లిస్ట్" అని పెట్టింది, పనిచేసింది. బాబాయి తెలుగులో "మాగాయ ఉందా" అని పెట్టారు, సంతకం తప్పు. నేను ఇంగ్లీషులో పెడితే ఒప్పు, తెలుగులో పెడితే తప్పు.

తెలుగంటే గిట్టని సర్వరా అనుకుంటూ ఉండగా ఇంకో చిక్కు వచ్చిపడింది. పిన్ని ఇంగ్లీషులో ఉత్త "ఓకే" పెట్టినా తప్పే అంటోంది! అప్పుడు వెలిగింది. పిన్ని ప్రొఫైల్ పేరు పక్కన ఒక తామరపువ్వు ఎమోజీ ఉంది, మెసేజ్‌తో పాటు ఆ పేరు కూడా వస్తుంది.

సంగతేమిటంటే, మెటా పంపే జేసన్‌లో తెలుగు అక్షరాలు, ఎమోజీలు నేరుగా ఉండవు. ఒక్కొక్కటీ యూనికోడ్ అంకెలుగా మారి వస్తుంది, సంతకం వేసేది ఆ అంకెల రూపం మీద. నేనేమో వచ్చినదాన్ని ముందు విప్పేసి, మళ్లీ జేసన్‌గా మడతపెట్టి, దాని మీద సంతకం లెక్కగడుతున్నాను. నా మడతలో "మ" అంటే "మ"యే. ఉత్త ఇంగ్లీషు మెసేజ్‌కు రెండు మడతలూ ఒకేలా ఉంటాయి కాబట్టి తేడా బయటపడలేదు. వచ్చిన బైట్లను ముట్టుకోకుండా వాటి మీదే సంతకం చూసేలా నాలుగు లైన్లు మార్చాను. పోయింది. ఇంగ్లీషులో మాత్రమే టెస్ట్ చేసి ఉంటే, మొదటి తెలుగు కస్టమర్ వచ్చేదాకా ఇది తెలిసేదే కాదు.

ఫిబ్రవరి 14

మోడల్‌ను, అంటే జవాబులు రాసే ఏఐని, కలిపాను. ఆ ముక్క నిజానికి చాలా తేలిక: మెసేజ్, దానికి ముందు జరిగిన పది మాటలు, పైన ఒక ప్రాంప్ట్ (ఎలా జవాబివ్వాలో చెప్పే సూచనలు). ముప్ఫై లైన్లు. తిప్పలన్నీ చుట్టుపక్కలే.

మోడల్ జవాబు ఇవ్వడానికి ఒక్కోసారి ఎనిమిది, పది సెకన్లు తీసుకుంటోంది. అప్పటిదాకా నేను వెబ్‌హుక్‌కు "అందింది" అని చెప్పడం లేదు. చెప్పకపోతే అందలేదేమో అనుకుని అదే మెసేజ్ మళ్లీ పంపడం ఆ ఏర్పాటు పద్ధతి. మనం జవాబివ్వకపోతే ఏడు రోజుల దాకా ప్రయత్నిస్తూనే ఉంటుంది. బాబాయి ఒక్కసారి "ఉసిరి" అంటే బాట్ మూడుసార్లు ఉసిరి పురాణం చెప్పింది.

ఇప్పుడు మెసేజ్ రాగానే 200 ("అందింది" అని చెప్పే కోడ్) కొట్టి, క్యూలో పడేసి, మోడల్‌ను విడిగా పిలుస్తున్నాను. ప్రతి మెసేజ్‌కు ఒక ఐడీ ఉంటుంది. దాన్ని డేటాబేస్‌లో రాసుకుని, రెండోసారి వస్తే పక్కన పెడుతున్నాను. మనం పంపిన మెసేజ్ వెళ్లింది, చేరింది, చదివారు అనే కబుర్లు కూడా ఇదే తలుపు గుండా వస్తాయి. వాటినీ మెసేజీలనుకుని జవాబు ఇవ్వబోయే కోడ్ నాది. అదృష్టం కొద్దీ వాటిలో టెక్స్ట్ లేక క్రాష్ అయింది, లేకపోతే బాట్ తనలో తాను రాత్రంతా మాట్లాడుకునేది.

మోడల్ ఆలోచిస్తున్నంతసేపు "టైపింగ్" అని చూపించే సౌకర్యం ఉంది. 25 సెకన్లు ఉంటుంది. పెట్టాను. చుక్కలు కనిపిస్తుంటే జనం ఓపిక పడతారు.

ఫిబ్రవరి 18

పిన్నికి పరీక్షకు ఇచ్చాను. "పండుమిర్చి పచ్చడి అరకిలో కావాలి" అని పెట్టింది. బాట్ జవాబు: "మీ అభ్యర్థనను స్వీకరించాము. దయచేసి మీ చిరునామాను అందించగలరు."

పిన్ని ఫోన్ నా వైపు తిప్పి, "ఎవర్రా వీడు, కోర్టు నోటీసు ఇస్తున్నాడు?" అంది.

ప్రాంప్ట్‌లో "మర్యాదగా, సరళమైన తెలుగులో" అని రాస్తే లాభం లేకపోయింది. సరళం అంటే దానికేం తెలుసు? పిన్ని పాత చాట్‌లలోంచి నలభై జవాబులు ఏరి, పేర్లు, నంబర్లు తీసేసి, నమూనాగా ఇచ్చాను. "ఉందండీ. అరకిలో సీసాలో పెట్టి ఇస్తాం. ఏ ఊరికి పంపాలి?" అనేది పిన్ని మాట. రెండే నియమాలు పెట్టాను: ఎవరినైనా మీరు అనే అనాలి, ఎవరినీ అమ్మా, అక్కా, ఆంటీ అని వరస కలపకూడదు. వరసలు కలపడం పిన్నికి చెల్లుతుంది. బాట్ కలిపితే ఎక్కడో తేడా కొడుతుంది.

తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లే ఎక్కువ. పచ్చడికి ఒకరు ఒక "సి" పెడతారు, ఒకరు రెండు, ఇంకొకరు మధ్యలో "హెచ్" దూరుస్తారు. మోడల్ దీన్ని బాగానే పట్టుకుంది, నేను భయపడినంత లేదు. తడబడింది కొలతల దగ్గర. "కిలోన్నర" అంటే ఒకసారి ఒక కిలో అనుకుంది. ఓ పెద్దాయన "వీశెడు చింతకాయ" అడిగితే మోడల్‌కే కాదు, నాకూ తెలియలేదు. సుమారు కిలో నాలుగు వందల గ్రాములని బాబాయి చెప్పారు. పావు, అర, ముప్పావు, కిలోన్నర, వీశె, అన్నీ ప్రాంప్ట్‌లో పట్టికగా రాశాను.

ఫిబ్రవరి 22

మనవాళ్లు ఒక మాటను ఒక మెసేజ్‌లో చెప్పరు.

"హాయ్"
"ఆంటీ"
"మొన్న చెప్పా కదా"
"అదే రెండు కేజీలు"
"మా తోడికోడలికి కూడా"

ఐదింటికీ బాట్ ఐదు జవాబులు ఇచ్చింది, ఒకదానికి ఒకటి పొంతన లేదు. ఇప్పుడు చివరి మెసేజ్ వచ్చాక ఎనిమిది సెకన్లు ఆగి, అన్నీ కలిపి ఒకటిగా మోడల్‌కు ఇస్తున్నాను. ఎనిమిది ఎందుకంటే, ఐదు పెడితే పిన్ని వయసు వాళ్ల టైపింగ్‌కు చాలలేదు.

ఫిబ్రవరి 27

ఇవాళ్టిది నవ్వుకునే సంగతి కాదు.

పదిమంది పాత కస్టమర్లకు చెప్పి కొత్త నంబర్ ఇచ్చాం. అందులో ఒకావిడ "పది కిలోలు తీసుకుంటే తగ్గిస్తారా?" అని అడిగితే బాట్ "తప్పకుండా అండీ, 10 శాతం తగ్గింపు ఇస్తాం" అంది. ఎవరు చెప్పారు దానికి? ఎవరూ చెప్పలేదు. పది కిలోలంటే ఎక్కడైనా తగ్గిస్తారు కాబట్టి ఇక్కడా తగ్గిస్తారని అల్లేసింది. పిన్ని తగ్గించే ఇచ్చింది. "నా నంబర్ నుంచి వెళ్లిన మాట, నేను అన్నట్టే" అంది.

2024 ఫిబ్రవరిలో కెనడాలో ఒక ట్రైబ్యునల్ కూడా ఇదే తేల్చింది. ఎయిర్ కెనడా చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పింది. బాట్ చెప్పినదానికి మా బాధ్యత లేదన్న వాదన నిలబడలేదు, కంపెనీయే డబ్బు కట్టాల్సి వచ్చింది. పిన్ని ఆ తీర్పు చదవలేదు.

కాబట్టి పద్ధతి మార్చాను. ధర, స్టాక్, పార్సిల్ గురించి మోడల్ సొంతంగా ఒక్క అంకె కూడా చెప్పకూడదు. మూడు టూల్స్, అంటే మోడల్ పిలిస్తే నడిచే చిన్న కోడ్ ముక్కలు, ఇచ్చాను: ధర చూడు, స్టాక్ చూడు, పార్సిల్ చూడు. పిన్నికి తెలిసిన గూగుల్ షీట్‌లోంచి అవి అంకెలు తెస్తాయి. జవాబు బయటికి వెళ్లే ముందు ఇంకో చిన్న తనిఖీ: అందులో ఉన్న ప్రతి రూపాయి అంకె టూల్ ఇచ్చిన వాటిలో గాని, వాటి గుణకారంలో గాని ఉండాలి. లేకపోతే ఆ జవాబు ఆపేసి పిన్నికి కబురు పెడుతుంది. తగ్గింపు, అరువు, "పాడైంది", "కారం ఎక్కువైంది": ఈ నాలుగూ వస్తే బాట్ నోరు ఎత్తదు, నేరుగా నాలుగో టూల్, "పిన్నిని పిలువు".

కస్టమర్ అడ్రస్, ఫోన్ నంబర్ మోడల్‌కు పంపడం ఆపేశాను. ధర చెప్పడానికి వాటితో పనేముంది?

మార్చి 3

చిన్న పని. వచ్చినవాళ్లకు మూడు బటన్లు చూపిద్దామని కూర్చున్నాను. మూడుకు మించి కుదరవు, ఒక్కో బటన్ మీద 20 క్యారెక్టర్లు మించకూడదు. "ఆర్డర్ ఎంతవరకు వచ్చింది" అని రాస్తే ఎర్రర్. కంటికి 11 అక్షరాలే కదా! గుణింతం, పొల్లు, సున్నా, అన్నీ విడివిడిగా లెక్కలోకొస్తాయి. 23 అయింది. "ఆర్డర్ ఎక్కడుంది" 16, సరిపోయింది. "పిన్నిగారితో మాట్లాడాలి" 23, కుదరలేదు. "పిన్నితో మాట్లాడాలి" 19. పిన్నికి "గారు" పోయిందని బాబాయి ఇంకా దెప్పుతున్నారు.

మార్చి 9

"పిన్నిని పిలువు" అనడం తేలికే. పిలిస్తే పిన్ని ఎక్కడ జవాబివ్వాలి? ఏపీఐ నంబర్‌కు ఫోన్‌లో యాప్ ఉండదు. వారం కూర్చుని చక్కటి వెబ్ పేజీ కట్టాను, ఎడమవైపు కస్టమర్లు, కుడివైపు చాట్. పిన్ని ఒక్కసారి చూసి, "ఇది నాకొద్దు నాన్నా. నాకు వాట్సాప్‌లోనే రానీ" అంది. వారం పని పోయింది. ఒక్క మాట ముందే అడిగి ఉంటే పోయేది కాదు.

ఇప్పుడు ఇలా నడుస్తోంది. కస్టమర్ పేరు, ప్రశ్న కలిపి బాట్ నంబర్ నుంచి పిన్ని పాత నంబర్‌కు మెసేజ్ వెళుతుంది. పిన్ని దాన్ని పక్కకు జరిపి దానికే రిప్లై ఇవ్వాలి. అలా ఇచ్చిన రిప్లైలో అది ఏ మెసేజ్‌కు జవాబో ఆ ఐడీ కూడా నా సర్వర్‌కు వస్తుంది. దాన్ని పట్టుకుని అసలు కస్టమర్‌కు చేరవేస్తున్నాను. ఆ తర్వాత రెండు గంటలు ఆ కస్టమర్ దగ్గర బాట్ నోరు మూసుకుని ఉంటుంది.

పిన్ని పక్కకు జరపడం మర్చిపోయి మామూలుగా "రేపు పంపిస్తానమ్మా" అని కొట్టింది. బాట్ పిన్నిని కస్టమర్ అనుకుంది. "సంతోషం అండీ. మీకు ఎన్ని కిలోలు కావాలి?" అని అడిగింది. పిన్ని నంబర్‌ను విడిగా గుర్తుపట్టేలా ఆ రాత్రే మార్చాను గానీ, బాబాయి ఆ స్క్రీన్‌షాట్ అప్పటికే చుట్టాలందరికీ పంపేశారు.

మార్చి 14

రెండు రోజులుగా పిన్నికి కబుర్లు రావడం లేదు, నేను చూసుకోలేదు. ముగ్గురు కస్టమర్లు అలాగే ఎదురుచూస్తూ ఉండిపోయారు. లాగ్‌లో (సర్వర్ రాసుకునే చిట్టాలో) ఎర్రర్ 131047.

24 గంటల నియమం నాకు తెలుసు. కస్టమర్ చివరి మెసేజ్ పెట్టిన 24 గంటల లోపే మనం ఇష్టమొచ్చినట్టు రాయొచ్చు, అది దాటితే మెటా దగ్గర ముందే ఆమోదం పొందిన టెంప్లేట్ (అచ్చు మెసేజ్) మాత్రమే పంపాలి. కస్టమర్ల విషయంలో దీన్ని చక్కగా రాశాను. నా బుర్రకు తట్టనిది ఏమిటంటే, బాట్ లెక్కలో పిన్ని కూడా బయటి మనిషే! రెండు రోజులు రిప్లై ఇచ్చే అవసరం రాలేదు, తలుపు మూసుకుపోయింది.

అప్పటికప్పుడు దొరికిన మందు: పిన్ని రోజూ పొద్దున దీపం పెట్టాక బాట్‌కు "శ్రీరామ" అని ఒక మెసేజ్ పెట్టాలి. 24 గంటల తలుపు తెరుచుకుంటుంది. (ఇక్కడి నుంచి తర్వాత చేర్చింది.) వారం బాగా నడిచింది. తర్వాత గుడివాడలో పెళ్లికి వెళ్లి మర్చిపోయింది. ఇక లాభం లేదని "కొత్త కస్టమర్ మీ జవాబు కోసం చూస్తున్నారు" అని యుటిలిటీ రకం (ప్రకటన కాక పనికి సంబంధించిన) టెంప్లేట్ ఒకటి పెట్టి ఆమోదం తెచ్చుకున్నాను. పిన్ని మాత్రం శ్రీరామ మానలేదు. బాట్ కూడా "శ్రీరామ" అంటోంది. ఆ జవాబు నేను కోడ్‌లోనే రాసిపెట్టాను, మోడల్‌కు వదల్లేదు.

మార్చి 20

ఎవరో కస్టమర్ ఫోన్‌లోంచి వాళ్లబ్బాయి కాబోలు, పదో తరగతి ఫిజిక్స్ ప్రశ్న ఒకటి పెట్టాడు, పుటాకార దర్పణం గురించి. బాట్ శుభ్రంగా సూత్రం రాసి, లెక్క కూడా కట్టి ఇచ్చింది. చివర్లో "ఇంకేమైనా పచ్చళ్లు కావాలా అండీ?"

నవ్వొచ్చినా వదిలేయడానికి లేదు. 2026 జనవరి 15 నుంచి వాట్సాప్ బిజినెస్ ప్లాట్‌ఫాం షరతులు మారాయి. ఏదైనా మాట్లాడే జనరల్ ఏఐ చాట్‌బాట్లను అందులో నడపకూడదన్నారు. వ్యాపారం తన కస్టమర్లకు జవాబివ్వడానికి ఏఐ వాడితే ఇబ్బంది లేదు. మనది రెండో రకం, రెండో రకంగానే ఉండాలి. పైగా ఆ దర్పణం టోకెన్ల ఖర్చు పిన్నిది (ఇవి తాళంచెవి టోకెన్లు కావు, మోడల్ మాటలను కోసుకునే ముక్కలు, డబ్బు వాటి లెక్కనే). తెలుగు వాక్యానికి ఇంగ్లీషు కంటే టోకెన్లు బాగా ఎక్కువ పడతాయి. నా పెద్ద ప్రాంప్ట్ ఇంగ్లీషులోనే ఉంచి నమూనాలు మాత్రం తెలుగులో ఉంచడం కూడా అందుకే. పచ్చళ్లు, ఆర్డర్లు కాక ఇంకేం అడిగినా ఒక వాక్యంలో మర్యాదగా తప్పుకునేలా చేశాను.

ఆ అబ్బాయికి మార్కులు బాగా రావాలి.

మార్చి 27

వాయిస్ మెసేజీలు. అరవై దాటినవాళ్లు టైప్ చెయ్యరు, మాట్లాడతారు. వెబ్‌హుక్‌లో ఆడియో రాదు, ఒక ఐడీ వస్తుంది. దానితో లింకు అడగాలి, ఆ లింకు ఐదు నిమిషాలే పనిచేస్తుంది, ఆలోగా దించుకోవాలి. మాటను రాతగా మార్చడానికి మొదట వాడిన మోడల్ "మాగాయ" అన్న మాటను "మా గాయం" అని రాసింది. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ వాళ్లు భారతీయ భాషలకు చేసిన మోడల్‌కు మారాను, చాలా నయం. వెనకాల మిక్సీ తిరుగుతుంటే మాత్రం ఏ మోడలైనా చేతులెత్తేస్తోంది. వాయిస్‌తో వచ్చిన ఆర్డర్‌ను బాట్ తిరిగి రాసి "ఇదేనా అండీ?" అని అడిగాకే ఖాయం చేస్తుంది.

ఏప్రిల్ 6

కాయ దిగింది. కొత్తపల్లి కొబ్బరి కాయలు మూడు బస్తాలు వచ్చాయని పొద్దునే బాబాయి ఫోటో పెట్టారు. పిన్ని షీట్‌లో ఆవకాయ ఎదురుగా "లేదు" తీసి "15 రోజుల్లో" అని మార్చింది, ఎవరి సాయం లేకుండా.

నిన్న రాత్రి కొత్త నంబర్‌కు 131 మంది. పిన్ని దాకా వెళ్లినవి 19. పదిన్నరకే పడుకున్నానంది. రెండు వారాలన్నది రెండు నెలలైంది.

ఆ 19లో ఒకటి న్యూజెర్సీ నుంచి. "కిందటేడు ఆవకాయలో ఆవఘాటు సరిపోలేదు, మా అమ్మ పెట్టినట్టు లేదు, ఈసారి కాస్త చూడండి" అని ఒకాయన వాయిస్. బాట్ ముట్టుకోకుండా పిన్నికి పంపింది. పిన్ని పద్ధతిగా పక్కకు జరిపి రిప్లై ఇచ్చింది, కానీ తనూ వాయిస్‌లోనే ఇచ్చింది, రెండు నిమిషాల నలభై సెకన్లు. నేను చేరవేసే కోడ్ టెక్స్ట్‌కు మాత్రమే రాశాను. ఆ వాయిస్ ఇంకా నా సర్వర్‌లోనే ఉంది. విన్నాను. వాళ్లమ్మ ఆవాలు ఎండబెట్టేదా, వేయించేదా అని అడుగుతోంది.

ఇవాళ రాత్రికి అది పంపేయాలి.